ఆటలో అరటిపండ్లు

చిన్నప్పుడు మా వీధిలో దొంగాట ఆడేటప్పుడు నాలుగేళ్ళ పిల్లెవరైనా వచ్చి "నేనూ ఆడతా" అని పేచీ పెడితే పెద్ద ఇబ్బంది. కాదంటే ఏడ్చుకుంటూ వెళ్ళి వాళ్ళమ్మని పిలుచుకొస్తుంది. సరేనంటే ఆట సాగదు. అందుకని "సరే, నువ్వు ఆటలో అరటిపండు" అని చేర్చుకునేవాళ్ళం. అరటిపండు పరిగెత్తొచ్చు, దాక్కోవచ్చు, కేకలు పెట్టొచ్చు. దొరికిపోయినా అవుటు కాదు, ఎవర్ని పట్టుకున్నా లెక్కలోకి రాదు. నేనూ ఒక ఏడాది అరటిపండునే. ఆ ఏడాదంతా నిజంగానే ఆడుతున్నాననుకున్నాను.

ఈ వారం చెప్పబోయే కంప్యూటర్ ఆటలోనూ పిల్లలు అలాగే ఉంటారు. పదహారేళ్ళు నిండేదాకా కోటలో అటూ ఇటూ తిరుగుతుంటారు. యుద్ధానికి పనికిరారు, మంత్రి పదవికి పనికిరారు. మనం కూడా పట్టించుకోం. తీరా మనం చచ్చిపోయాక తెలుస్తుంది, ఆటంతా వాళ్ళదేనని.

ఆట పేరు క్రూసేడర్ కింగ్స్ 3. స్టాక్‌హోమ్‌లోని పారడాక్స్ వాళ్ళు 2020 సెప్టెంబరులో విడుదల చేశారు. మధ్యయుగాల ఆట. విడుదలైనప్పుడు 867లో గానీ 1066లో గానీ మొదలుపెట్టే వీలుండేది. పటంలో యూరప్, అరబ్బు దేశాలతో పాటు మన దేశం కూడా ఉంది. వేంగి ఉంది, తెలుగువాళ్ళున్నారు. మిగతా వ్యూహాల ఆటల్లో మనం ఒక దేశం. ఇందులో ఒక మనిషి. పెళ్ళి చేసుకుంటాం, పిల్లల్ని కంటాం, ముసలై పోతాం. పోయిన మరుక్షణం మన వారసుడి ఒంట్లోకి దూరి ఆట కొనసాగిస్తాం. వాడు పిరికివాడైతే ఇకపై మనమూ పిరికివాళ్ళమే. వాడు కోపిష్ఠి అయితే ఆ కోపం తాలూకు బిల్లు మనమే కట్టాలి. అందుకే ఇందులో పిల్లల పెంపకం ఇంటి వ్యవహారం కాదు, రాజ్య వ్యవహారం.

పెంపకం ఎలా ఉంటుందంటే, మూడో ఏట పిల్లకి ఒక బాల్య గుణం వస్తుంది. అలాంటివి ఐదున్నాయి: అల్లరి, ఆకట్టుకునే మాటకారితనం, ఆరా తీసే బుద్ధి, తనలో తాను ఆలోచించుకునే తత్వం, పెత్తనం. ఆరో ఏట నుంచి చదువు. మనమే చెప్పొచ్చు, లేదా ఒక సంరక్షకుడి చేతిలో పెట్టొచ్చు. అల్లరివాడికి యుద్ధమో కుట్రలో బాగా వంటబడతాయి. తనలో తాను ఆలోచించుకునేవాడికి ఖజానా లెక్కలో శాస్త్రాలో. ఈలోగా అడపాదడపా చిన్న చిన్న సంఘటనలు వచ్చి ఒక్కొక్కటిగా గుణాలు స్థిరపడతాయి. పదహారేళ్ళు వచ్చేసరికి మామూలుగా మూడు. ధైర్యం, పిరికితనం, సిగ్గు, కలుపుగోలుతనం, దయ, పగ, సోమరితనం వగైరా. ఇవి ఒంటికి అంటుకున్నాక ఊరికే వదలవు. గుణానికి విరుద్ధంగా ప్రవర్తిస్తే ఒత్తిడి పెరుగుతుంది. దయగలవాడి చేత ఖైదీని చంపిస్తే ఒత్తిడి. సిగ్గరిని నలుగురిలోకి తోస్తే ఒత్తిడి. అది హద్దు దాటితే మనిషి తాగుడులోనో తిండిలోనో పడతాడు.

నా సంగతికొస్తాను. పగలు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, రాత్రి పదిన్నర తర్వాత రాజ్యపాలన. గోదావరి ఒడ్డున చిన్న రాజ్యంతో మొదలుపెట్టి మూడు తరాలు కష్టపడ్డాను. నా రాజు వీరుడు, న్యాయవంతుడు, కష్టజీవి. ఒక్కగానొక్క కొడుకు. వాణ్ణి ఎవరికీ ఇవ్వకుండా నా దగ్గరే పెట్టుకుని పెంచాను. వాడు పెద్దయ్యేసరికి పిరికివాడు, సిగ్గరి, సోమరి అయ్యాడు. మూడుకి మూడూ!

పక్కన పుస్తకం చదువుకుంటున్న మా ఆయనతో "చూశావా, నా పెంపకం ఎలా తగలడిందో" అన్నాను. ఆయన తలెత్తకుండానే "ఏ కొడుకు?" అన్నాడు. ఆ ప్రశ్న అప్పుడు నవ్వులాటగానే తీసుకున్నాను.

కసి కొద్దీ మాడింగ్‌కి దిగాను. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నా, మాడ్ అంటే ఆటలో మనకి నచ్చనిదాన్ని మనమే మార్చుకోవడం. మేడమీద గది నచ్చకపోతే గోడ కొట్టించుకున్నట్టు. ఈ ఆటకి అదేం బ్రహ్మవిద్య కాదు. గుణాలు, సంఘటనలు అన్నీ మామూలు టెక్స్ట్ ఫైళ్ళలో ఉంటాయి. నోట్‌ప్యాడ్‌తో తెరవొచ్చు. అసలు ఫైళ్ళ జోలికి పోకుండా మన మార్పుల్ని వేరే ఫోల్డర్‌లో పెడితే ఆట అవి చదువుకుంటుంది. ఒక్క బ్రాకెట్ మర్చిపోయామా, ఫైలు పనిచెయ్యదు. ఎక్కడ తప్పిందో ఎర్రర్ లాగ్‌లో వెతుక్కోవాలి. టెస్టర్‌ని కదా, ఆ భాగం నాకు పండగే.

ఆ ఫైళ్ళలో నన్ను ఆకట్టుకున్నవి రెండు. ఒకటి చీట్ల డబ్బా. ఏదో ఒకటి జరగాలి, ఏది జరగాలో తెలియదు అన్నచోట ఒక జాబితా ఉంటుంది. ఒక్కో ఫలితం పక్కన ఒక అంకె. ధైర్యం పక్కన 10, పిరికితనం పక్కన 10 అని రాస్తే డబ్బాలో ఇద్దరి పేరా పదేసి చీట్లు వేసినట్టు. ధైర్యం పక్కన 30 రాస్తే ముప్పై చీట్లు. ఫలానావాళ్ళు పెంచితే ఇంకో ఇరవై కలుపు అని షరతు కూడా పెట్టొచ్చు. రెండోది, ప్రతి గుణానికీ దాని వ్యతిరేక గుణం ఏదో రాసి ఉండటం. ధైర్యం ఉన్నచోట పిరికితనం ఉండకూడదు. ఒకటి వచ్చిందంటే రెండోదానికి తలుపు మూసేసినట్టే.

నా మొదటి మాడ్ చాలా సులువైనది. పెంచినవాళ్ళ గుణాల పేరు మీద చీట్లు కుమ్మరించాను. వెయ్యి! పెంపకానికి విలువ ఉండాలి కదా మరి. ఆటలో మనం కలగజేసుకోకుండా చూస్తూ కూర్చునే సదుపాయం ఒకటుంది. అది పెట్టి, రాత్రంతా దాని మానాన దాన్ని నడవనిచ్చి పడుకున్నాను.

తెల్లారి కాఫీ కప్పుతో వచ్చి చూస్తే రాజ్యమంతా జిరాక్స్ షాపులా ఉంది. కోపిష్ఠి సంరక్షకుడి దగ్గర పెరిగిన నలుగురూ కోపిష్ఠులే. వాళ్ళు పెంచినవాళ్ళూ కోపిష్ఠులే. ఒక లోభి తాత నుంచి మునిమనవళ్ళ దాకా ఒకే లోభం. మంచివాళ్ళ ఇళ్ళల్లో ఇంకా విసుగు. అందరూ వీరులు, అందరూ న్యాయవంతులు. ఎవడు ఏం చేస్తాడో ముందే తెలిసిపోతుంది. పైగా ఈ ఆటలో వీరులు యుద్ధంలో త్వరగా పోతారు. పిరికివాడు వెనకుండి బతికిపోతాడు. అంతేకాదు, పిరికివాడికి యుద్ధంలో మార్కులు తగ్గినా కుట్రలు పసిగట్టే విద్యలో రెండు మార్కులు ఎక్కువ. సిగ్గరికి దౌత్యంలో రెండు తగ్గుతాయి, చదువులో ఒకటి పెరుగుతుంది. ఏ గుణం పక్కనా అన్నీ మైనస్సులే రాయలేదు. నేను తిట్టుకున్న ఆ వారసుడితోనే తర్వాత ఆడి చూశాను. ముప్ఫై ఏళ్ళు ఏలాడు మహానుభావుడు. ఇంట్లోంచి కదలకుండానే.

సరే, పెంపకం ఒక్కటే అన్నీ తేల్చదనుకున్నాను. కానీ ఎవరి దగ్గర పెరిగారన్నది చిన్న విషయమూ కాదు. మధ్యయుగపు యూరప్‌లో పెద్దింటి మగపిల్లల్ని ఏడెనిమిదేళ్ళకే మరో ప్రభువు ఇంటికి పంపేవాళ్ళు, మర్యాదలూ కత్తిసామూ నేర్చుకోవడానికి. మన దగ్గరా ఒక గొప్ప ఉదాహరణ ఉంది. నన్నయ గారిని ఆదరించిన రాజరాజనరేంద్రుడు మేనమామ కూతురు అమ్మంగదేవిని చేసుకున్నాడు. ఆమె రాజేంద్రచోళుడి బిడ్డ. వాళ్ళ అబ్బాయి చిన్నతనం ఎక్కువగా అమ్మమ్మగారింట, చోళుల దగ్గర గడిచిందని చరిత్రకారులంటారు. ఆ వేంగి పిల్లాడే 1070లో చోళ సింహాసనం ఎక్కి కులోత్తుంగుడయ్యాడు. అతన్ని రాజమహేంద్రవరంలోనే ఉంచి పెంచితే ఏమయ్యేదో! ఈ ఆటంతా ఆ "ఏమయ్యేదో" మీదే నడుస్తుంది. 2023లో కేవలం సంరక్షకుల మీద, వాళ్ళ చేతిలో పెట్టిన పిల్లల మీద ఒక అదనపు ప్యాక్ కూడా తెచ్చారు.

రెండో మాడ్ రాద్దామనుకుంటుండగా మా చిన్నాన్న కొడుకు గృహప్రవేశం వచ్చింది.

మా చిన్నాకి ఏడేళ్ళు. పాలు పొంగించడం, వ్రతం అయ్యాయి, భోజనాలకి ముందు అందరూ హాల్లో కూర్చున్నారు. పిల్లలు ఒక్కొక్కళ్ళే పద్యాలు, పాటలు. చిన్నా బాగా పాడతాడు, ఇంట్లో. మా పెద్దత్త "ఏరా నాన్నా, నువ్వూ ఒకటి అందుకో" అంది. వాడు నా చీర కొంగు పట్టుకున్నాడు. నేను నవ్వుతూ "వాడికి సిగ్గత్తా" అన్నాను. అందరూ నవ్వారు, పక్క పిల్ల అందుకుంది. మామూలు విషయం. లక్షసార్లు జరిగే విషయం.

రెండ్రోజుల తర్వాత స్కూల్లో వార్షికోత్సవానికి పేర్లు ఇమ్మన్నారు. "ఇచ్చావా చిన్నా?" అని అడిగాను. వాడు బూట్లు విప్పుకుంటూ చాలా తేలిగ్గా అన్నాడు, "నాకు సిగ్గు కదమ్మా."

బాధగా అనలేదు. భయంగా అనలేదు. నాకు ఎడమచేతి వాటం కదా, నా కళ్ళద్దాల నంబరు ఇంత కదా అన్నట్టు చెప్పాడు. పేరు ఇవ్వకపోవడానికి వాడి దగ్గర పక్కా కారణం ఉంది. ఆ కారణం ఇచ్చింది నేను.

ఆ రాత్రి ఆట తెరవలేదు. మా అమ్మకి ఫోన్ చేశాను. మాటల్లో "అమ్మా, నన్ను మెతక అని ఎప్పటి నుంచి అంటున్నావే?" అన్నాను. మా ఇంట్లో అక్క గడుసుది, నేను మెతకదాన్ని. ఇది సూర్యుడు తూర్పున ఉదయించినంత ఖాయం. అమ్మ కాసేపు ఆలోచించి, "నీకు ఆరేళ్ళప్పుడేమోనే. కొట్లో చిల్లర తక్కువిస్తే అడక్కుండా వచ్చేశావు" అంది. "ఎంత తక్కువ?" "పావలా."

పావలా! ఆ పావలాతో ముప్ఫై ఏడేళ్ళు నడిచాను. ఆఫీసులో జీతం పెంచమని అడగాల్సి వస్తే "నేను అడగలేను, మెతకదాన్ని" అనుకుని ఊరుకున్న రోజులున్నాయి. ఇక అక్క సంగతి. గడుసుదని పేరు పడ్డందుకు దానికి ఇంట్లో ఏడ్చే హక్కు లేకుండా పోయింది. కష్టమొస్తే "అది చూసుకుంటుందిలే" అనేవాళ్ళం. నిరుడు బావగారి ఆపరేషన్ అప్పుడు అది ఆసుపత్రిలో రెండు రాత్రులు ఒంటరిగా కూర్చుంది. మాలో ఒక్కరమూ బస్సెక్కలేదు. గడుసుది కదా!

మర్నాడు మాడ్ ఫైల్ తెరిచి చూస్తే నాకు దాన్లో లోటు కనబడింది. తండ్రి గుణం ఉంది, సంరక్షకుడి గుణం ఉంది, అదృష్టం ఉంది. ఇంట్లోవాళ్ళు పిల్లాడి గురించి ఏమనుకుంటారో, వాడి ముందే ఏమంటారో, దానికెక్కడా అంకె లేదు. మా ఇళ్ళల్లో అన్నిటికంటే ఎక్కువ చీట్లు దానివేనేమో!

అందుకని మూడో రకం మాడ్ రాశాను. నాలుగో ఏట ఏదో ఒక చిన్న సంఘటన. కుక్కని చూసి పారిపోవడం లాంటిది. అది చీట్ల ప్రకారమే, పూర్తిగా అదృష్టం. కానీ ఆ రోజు నుంచి ఆ పిల్లాడికి ఒక గుర్తు తగిలించాను, "పేరు పడింది" అని. ఏటా పుట్టినరోజుకి ఆ గుర్తుందేమో చూసి, ఉంటే ఆ గుణం పేరు మీద ఇంకో ఐదు చీట్లు కలుపు అని రాశాను. ఐదంటే ఎక్కువేం కాదు. మొదటి మాడ్‌లో వెయ్యి వేసిన దాన్ని నేను.

మళ్ళీ రాత్రంతా నడిపాను. పొద్దున్న లెక్క చూసుకుంటే, పేరు పడ్డ పిల్లలు దాదాపు అందరూ అదే అయ్యారు. పెంచినవాడు వీరుడైనా, తల్లి ధైర్యవంతురాలైనా తేడా రాలేదు. వెయ్యి చీట్లు ఒక్కసారి వేసిన దానికంటే ఐదైదు చీట్లు ఏటా వేసింది నన్ను ఎక్కువ భయపెట్టింది. వెయ్యి వేసినప్పుడు నేను చేస్తున్నదేంటో నాకు తెలుసు. ఇందులో వేసిన చెయ్యి కనబడదు.

టెస్టర్‌గా ఒక మాట ఒప్పుకోవాలి. ఇది రుజువు కాదు. నేను రాసిన లెక్కే నాకు తిరిగొచ్చింది, అంతే. ఆటలోని పిల్లలు పిల్లలు కారు. అసలు పిల్లల సంగతి దశాబ్దాల తరబడి చూసినవాళ్ళు వేరే ఉన్నారు. అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ అని న్యూయార్క్‌లో మానసిక వైద్యులు, భార్యాభర్తలు. 1956లో మొదలుపెట్టి 133 మంది పిల్లల్ని పసితనం నుంచి పెద్దయ్యేదాకా గమనించారు. కొత్తవాళ్ళని చూస్తే వెనక్కి తగ్గడం, త్వరగా అలవాటు పడటం లాంటి తొమ్మిది లక్షణాలు పసితనంలోనే కనిపిస్తాయన్నారు. అంటే పుట్టుకతో వచ్చిన చీట్లు కొన్ని ఉన్నాయి. తల్లిదండ్రులే అన్నిటికీ బాధ్యులని అప్పట్లో అందరూ అంటుంటే వాళ్ళు కాదన్నారు, అది తల్లులకి పెద్ద ఊరట. అయితే వాళ్ళు ఇంకోటి కూడా అన్నారు. పిల్ల స్వభావం ఎలాంటిదన్నదొక్కటే కాదు, దానికీ చుట్టూ ఉన్నవాళ్ళ తీరుకీ నప్పుతుందా లేదా అన్నది ముఖ్యమని. నెమ్మదిగా కలిసే పిల్లకి టైమిస్తే కలుస్తుంది. తోస్తే వెనక్కి పోతుంది.

టైమివ్వడం. అదే నేను చెయ్యనిది. పెద్దత్త అడిగిన తర్వాత నేను ఎంతసేపు ఆగాను? రెండు సెకన్లు కూడా ఆగలేదు. అత్త ముందు వాడు మాట పడకూడదని నేనే వాడి తరఫున జవాబు చెప్పేశాను. వాణ్ణి కాపాడాననుకున్నాను. అప్పటికే ఇంటా బయటా ఎన్నిసార్లు కాపాడానో!

"సిగ్గు లేదురా నీకు, నువ్వు ధైర్యవంతుడివి" అని పాఠం చదివితే సరిపోతుందా అని కూడా ఆలోచించాను. అది మళ్ళీ నా మొదటి మాడే. ఇష్టమైన గుణం పేరు మీద వెయ్యి చీట్లు. ఒట్టి అబద్ధమని వాడికీ తెలుసు. వాడికి కొత్తవాళ్ళంటే బెరుకు ఉంది, ఉండొచ్చు. బెరుకు ఉండటం వేరు, "నేను బెరుకువాణ్ణి" అని ఏడేళ్ళకే సంతకం పెట్టేయడం వేరు.

మొన్న ఆదివారం పెరుగు కోసం కింద కిరాణా కొట్టుకెళ్ళాం. కొట్టాయన మంచివాడు, పిల్లల్ని పలకరించే అలవాటు. "ఏం బాబూ, ఏ క్లాసు?" అన్నాడు. వాడు నా వెనక్కి జరిగాడు. "వాడికి..." అని నోటిదాకా వచ్చింది. మూసుకున్నాను. కొట్టాయన చూస్తున్నాడు. నేను పెరుగు ప్యాకెట్ మీద తారీఖు చదువుతున్నట్టు నటించాను. నా జన్మలో అంత శ్రద్ధగా తారీఖు చదవలేదు. చిన్నా ఏమీ అనలేదు. కొట్టాయన చిల్లర ఇచ్చాడు. పైకొచ్చేశాం.

రెండో అంతస్తు మెట్ల మీద వాడు ఆగి, "ఆయన మళ్ళీ అడుగుతాడా?" అన్నాడు.

"అడగొచ్చు" అన్నాను.

"సెకండ్ క్లాస్, బీ సెక్షన్" అన్నాడు, మెట్లకి చెబుతున్నట్టు. ఇంకో నాలుగు మెట్లెక్కాక మళ్ళీ ఒకసారి అన్నాడు.

రేపు కొట్లో అంటాడో లేదో నాకు తెలియదు. అనకపోయినా ఫరవాలేదు. నాలుగైదు సార్లు తారీఖులు చదవడానికి సిద్ధంగా ఉన్నాను.

మాడ్ సంగతి అడుగుతారని చెబుతున్నా. "పేరు పడింది" గుర్తుని పూర్తిగా తీసెయ్యలేదు. నిజం కదా, ఎందుకు తీసెయ్యాలి? కానీ ఒక కొత్త వరుస చేర్చాను. ఏటా పుట్టినరోజుకి, ఎవరూ ఏమీ అనకుండా ఊరుకుంటే ఆ గుర్తు రాలిపోయే అవకాశం కూడా డబ్బాలో ఉంటుంది. దాని పక్కన ఎంత అంకె వెయ్యాలో ఇంకా తేలలేదు. ప్రస్తుతానికి 20 రాసి పెట్టాను.

ఈ ఆదివారం అక్కకి ఫోన్ చేస్తున్నాను. "ఎలా ఉన్నావే?" అని అడిగి, అది "నాకేంటే, బాగానే ఉన్నా" అన్నాక కూడా ఫోన్ పెట్టెయ్యకుండా కాసేపు ఆగి చూస్తాను.